చదరంగ గృహముల సంఖ్య

నేటి ప్రసంగమునకు విషయము ఒకే ఒక సంఖ్య. వినుచున్నవారు వీలైనచో కాగితమును కలమును చేతికి తీసికొని, నేను చెప్పు అంకెలను ఎడమనుండి కుడికి వ్రాసికొన గోరెదను: 18446744073709551615. మొత్తము ఇరువది అంకెలు. మన వ్యవహారపు మాటలలో చెప్పవలెననిన, ఒక లక్ష ఎనుబది నాలుగు వేల నాలుగు వందల అరువది యేడు కోటికోట్లు, నలుబది నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక వేయి ఆరువందల పదునైదు.

ఈ సంఖ్య నేను కల్పించినది కాదు. తెలుగు భాషలో మొట్టమొదటి గణితగ్రంథమును రచించిన పావులూరి మల్లన దీనిని ఒక చంపకమాల పద్యమున పొదిగి చెప్పినాడు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును వ్రాసెను. దానిని మల్లన తెనిగించెను. ఆయన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరును, కాదు, ఆ పిదపవాడని కొందరును వాదింతురు. ఆ వాదముతో మనకిప్పుడు పనిలేదు. ఆయన మక్కికి మక్కిగా భాషాంతరము చేసినవాడు కాడు. మూలములోని జైన సంప్రదాయపు ఉదాహరణములను తొలగించి, తన శైవమతమునకు తగిన ఉదాహరణములను కూర్చుకొన్నాడు. లెక్కలు మాత్రము ఏ మతమువారికైనను ఒక్కటే గదా!

చదరంగపు పలకకు ఎనిమిదేసి గడులు ఎనిమిది వరుసలు, వెరసి 64 గడులు. మల్లన వీనినే చదరంగపు టిండ్లని భావించెను. మొదటి యింట ఒకటి, రెండవ యింట రెండు, మూడవ యింట నాలుగు, ఇట్లు ఒకదానికొకటి రెట్టింపుగా 64 ఇండ్లను నింపినచో మొత్తమెంత? ఆ మొత్తమే పై సంఖ్య. చదరంగమును కల్పించినవాడు రాజునొద్ద ఈ విధముగా గింజలను కోరెననియు, రాజు నవ్వి యొప్పుకొని పిదప తెల్లబోయెననియు కథ యొకటి లోకమున ప్రచారములో నున్నది. మల్లన పద్యమున రాజును లేడు, వరమును లేదు, లెక్క మాత్రమే కలదు. గజనీ మహమ్మదు కాలమున హిందూదేశమునకు వచ్చిన అల్ బిరూనీ కూడ, క్రీస్తుశకము 1000 ప్రాంతమున రచించిన తన గ్రంథమున ఈ చదరంగపు మొత్తమును సరిగా లెక్కించినాడు. అరబ్బీలో వ్రాసిన పండితుడును, తెలుగున పద్యము కట్టిన పండితుడును తుది యంకెదాక ఏకీభవించుట ముచ్చటగొలుపు విషయము.

ఇరువది అంకెలను పద్యమున నిముడ్చుట యెట్లు? దీనికి మన పూర్వులు భూతసంఖ్య లనెడు సంకేతమును వాడిరి. చంద్రుడొక్కడే గనుక చంద్రవాచకములన్నియు ఒకటి. అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు అయిదు, తర్కములు ఆరు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, శరీరమునందలి రంధ్రములు తొమ్మిది. ఆకాశము శూన్యము గనుక గగనమనిన సున్న. అంకెలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడపవలెను. అనగా పద్యములో ముందు వచ్చు మాట సంఖ్యలో తుదనుండును. మల్లన పద్యము బాణముతో మొదలై చంద్రునితో ముగియును. కావున మన సంఖ్యకు ఒకట్ల స్థానమున 5, ఎడమ కొనయందు 1. ఈ పద్ధతివలన రెండు లాభములు కలవు. ఒకటి, పద్యము గనుక కంఠస్థమగును. రెండు, అంకె వ్రాసిన ఆకులో లేఖకుడొక గీత తప్పినచో 1 కాస్త 7 కావచ్చునేగాని, చంద్రుడు పర్వతము కాజాలడు. మాట మారినచో యతియో ప్రాసయో గణమో చెడి పట్టుబడును.

స్థానములకు పేర్లు కూడ వినదగినవి. భాస్కరాచార్యుడు లీలావతిలో ఏకము మొదలు పరార్ధము వరకు 18 స్థానములను చెప్పెను. మన సంఖ్య దానిని రెండు స్థానములు దాటినది. మహావీరాచార్యుడు మాత్రము 24 స్థానములకు పేర్లు పెట్టెను గనుక, ఆయన లెక్కలో ఇది సుఖముగా నిముడును: ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మములు, ఏడు పద్మములు, ఆ క్రిందివి ఆ క్రిందివి. నవమ శతాబ్దిలో ఇంత పెద్ద స్థానమునకు పేరెందుకని నవ్వువారుందురు. ఇటువంటి లెక్కలున్నవారికి పేరు కావలసియే యుండెను.

ఇక ఈ సంఖ్యను చేతితో కట్టుట యెట్లో చూతము. అరువదిమూడు మారులు రెట్టించి, అరువదినాలుగు సంఖ్యలను నిలువున వ్రాసి కూడిన సరిపోవును. కాని అది కూలిపని. మన శాస్త్రకారులు దగ్గర త్రోవను చూపినారు. మొదట కూడికను తప్పించుకొందము. మొదటి గడిలో ఒక గింజ యున్నది. దాని ప్రక్కన ఎవరినుండియో ఒక గింజను అప్పు తెచ్చి పెట్టుడు. రెండైనవి. ఆ రెండింటిని రెండవ గడిలోని రెంటితో కలుపుడు, నాలుగు. ఆ నాలుగును మూడవ గడిలోని నాలుగుతో కలుపుడు, ఎనిమిది. ఈ విధముగా సాగినచో అరువదినాలుగవ గడి దాటునప్పటికి చేతిలో నుండునది, అరువదియైదవ గడి యున్నచో అందుండవలసినంత. అందుండి అప్పు తెచ్చిన గింజను తిరిగి యిచ్చివేసినచో మిగిలినదే మొత్తము. అనగా రెండును అరువదినాలుగు మారులు గుణించి, ఒకటి తీసివేసిన చాలును.

ఇందుండియే మరియొక గుణము తేలుచున్నది. ఏ గడిని చూచినను, ఆ యొక్క గడిలోని గింజలు, దానికి ముందున్న గడులన్నింటి మొత్తముకన్న సరిగా ఒకటి యెక్కువ. ఎనిమిదవ గడిలో 128. ముందరి ఏడు గడులు కలిపి 127. దీనిని జ్ఞాపకముంచుకొన గోరెదను. తరువాత దీనితో పని పడును.

గుణకారమునకు కూడ దగ్గర త్రోవ యున్నది. పింగళాచార్యుని ఛందస్సూత్రములలో చెప్పబడిన విధము ఇది. సంఖ్య సరియైనచో సగము చేయుము, బేసియైనచో ఒకటి తగ్గింపుము. శూన్యము వచ్చువరకు నట్లు చేసి, తిరిగి క్రిందినుండి పైకి వచ్చునప్పుడు, ఒకటి తగ్గించినచోట రెట్టింపుము, సగము చేసినచోట వర్గము కట్టుము. 64కు సగము 32, సగము 16, అటుపై 8, 4, 2, 1. ఆరు మారులు సగములు. చివర ఒకటి తగ్గించిన శూన్యము. తిరుగు ప్రయాణమున మొదట 2, దాని వర్గము 4, దాని వర్గము 16, దాని వర్గము 256, దాని వర్గము 65,536, దాని వర్గము 429,49,67,296. దానిని మరల దానితోనే గుణించిన 18446744073709551616. ఒకటి తీసివేయుడు. అరువదిమూడు రెట్టింపులు ఆరు వర్గములుగా మారినవి! చివరి గుణకారము మాత్రము పదియంకెలను పదియంకెలతో చేయవలసినది. దీపము ముందు గూర్చుండి ఒక పూట చేయదగిన పని.

చేసినది సరియో కాదో తెలియుటెట్లు? నంద్యాల చుట్టును నవనందులు, ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమున నవనారసింహులు. ఈ రెండు సీమలవారికి తొమ్మిది పరాయి సంఖ్య కాదు. ఆ తొమ్మిదియే ఇచ్చట పరీక్షాధికారి. ఏ సంఖ్యయందైనను అంకెలన్నియు కూడి, వచ్చినదాని అంకెలను మరల కూడి, ఒక్క యంకె వచ్చువరకు చేసినచో మిగులునది ఆ సంఖ్యను తొమ్మిదిచే భాగింపగా వచ్చు శేషము. తొమ్మిదియే మిగిలినచో శేషము లేదని యర్థము. 256కు కూడిక 13, అందుండి 4. నాలుగు వర్గము 16, అందుండి 7. కావున 65,536కు 7 రావలెను. కూడి చూడుడు: 25, అందుండి 7. ఏడు వర్గము 49, అందుండి 13, అందుండి 4. పదియంకెల సంఖ్యకు 58, అందుండి 13, అందుండి 4. మరల నాలుగు వర్గము 16, అందుండి 7. ఇరువది అంకెల సంఖ్యకు 88, అందుండి 16, అందుండి 7. నాలుగు, ఏడు, నాలుగు, ఏడు, అని తూగుటుయ్యెలవలె వచ్చినది. ఒకటి తీసివేసిన మల్లన సంఖ్యకు 87, అందుండి 15, అందుండి 6. పద్యమునందలి మాటలను అంకెలుగా మార్చి కూడినను అదే 87. ఈ పరీక్షకు ఒక లోపము కలదు. రెండంకెలు తారుమారైనచో ఇది కనిపెట్టలేదు. 37 అనుటకు 73 అని వ్రాసినను కూడిక పదియే. కాని అట్టి తారుమారును ఛందస్సు చాలవరకు కనిపెట్టును. గణితమునకును ఛందస్సునకును ఇట్టి కాపలాపొత్తు పాతదే.

ఛందస్సు మాట వచ్చినది గనుక మరికొంత చెప్పక విడువలేను. ఒక్కొక్క యక్షరము గురువైనను కావచ్చును, లఘువైనను కావచ్చును. కావున ఒక్క యక్షరమునకు రెండు భేదములు, రెండక్షరములకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఆ యెనిమిదియే మన గణములు: య, ర, త, భ, జ, స, మ, న. ఇరువది యక్షరముల పాదమునకు 10,48,576 భేదములు. ఇన్నింటిలో ఉత్పలమాల యెన్నవది? పాదమునందలి అక్షరముల క్రింద వరుసగా 1, 2, 4, 8, 16 అని రెట్టింపులు వ్రాసి, లఘువుల క్రింద నున్న సంఖ్యలను మాత్రము కూడి, ఒకటి కలుపవలెను. దీనిని ఉద్దిష్టమందురు. భ, ర, న, భ, భ, ర గణములు, తుదను లఘువు గురువు. లఘువుల క్రింది సంఖ్యలు కూడిన 3,55,798. ఒకటి కలుపగా 3,55,799. ఛందోగ్రంథములలో ఉత్పలమాలకు వ్రాసియుండు వృత్తసంఖ్య ఇదియే. చంపకమాలకు 7,11,600. ఉత్పలమాలలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాల యగునని పిల్లలకు చెప్పుదుము గదా. ఆ రహస్యము ఈ రెండు సంఖ్యలలో కూడ దాగియున్నది. 3,55,798ని రెట్టించి, ఆ రెండు లఘువులకు 1, 2 కలిపి, పైన ఒకటి చేర్చి చూడుడు. ఇరువదియారు అక్షరములవరకు గల సమవృత్తములన్నియు కలిపి 13,42,17,726 అని లాక్షణికులు చెప్పుట కూడ మన గింజను అప్పు తెచ్చిన ఉపాయముచేతనే.

ఈ త్రోవన చూచినచో మల్లన సంఖ్య యేమి? అరువదినాలుగు అక్షరములు, అన్నియు లఘువులే. వాని క్రింది రెట్టింపులన్నియు కూడిన వచ్చునది ఇదే. నేటి సెల్‌ఫోనులును కంప్యూటరులును లెక్కించుట ఈ గురు లఘువుల పద్ధతిననే. వాని భాషలో గురువునకు బదులు సున్న, లఘువునకు బదులు ఒకటి యనుకొనుడు. ఇప్పటి యంత్రములు అరువదినాలుగు స్థానములను ఒక కట్టగా తీసికొని పనిచేయును. అట్టి యొక్క కట్టలో పట్టగల గరిష్ఠసంఖ్య, అన్ని స్థానములును ఒకట్లేయైనప్పుడు వచ్చునది, 18446744073709551615. మనుమల చేతులలోని ఫోనులకు ఇది హద్దురాయి. ఆ హద్దును తెలుగు కవి యొకడు తొమ్మిది వందల యేండ్లనాటికి మునుపో, ఆ దాపుననో పద్యములో పాతియుంచినాడు. ఆయనకు యంత్రముల సంగతి తెలిసియుండెనని నే ననుట లేదు. అట్లనువారిని నమ్మవలదు. లెక్క యొక్కటే గనుక ఇద్దరికిని అదే వచ్చినది, అంతే.

ఇక గింజలను కొలుతము. మన కె.సి. కాలువ క్రింద పండు సన్న వడ్లు గ్రామునకు అరువదికి పైగా తూగును. ముతక వడ్లు నలుబది తూగును. సగటున ఏబది గింజలనుకొందము. ఇంటిలో తూకము గలవారు లెక్కించి సవరించుకొనవచ్చును. మొదటి వరుస ఎనిమిది గడులు నిండుటకు 255 గింజలు, చిటికెడు. రెండవ వరుస ముగియునప్పటికి 65,535; ఒక కిలోయును మూడు వందల గ్రాములును. ఇంతవరకు రాజు నవ్వుచునే యుండును. మూడవ వరుసకు 1,67,77,215 గింజలు, 75 కిలోల బస్తాలు నాలుగున్నర. నాలుగవ వరుసకు, అనగా సగము పలక నిండునప్పటికి, సుమారు 1,145 బస్తాలు. ఒక పెద్ద రైతు కళ్ళముగా నెంచవచ్చును. ఇచ్చటితో సగము గడులైనవి గనుక మిగిలిన సగమునకు మరి యింతయే యగునని తోచును. కాని ముప్పదిమూడవ గడి యొక్కటియే ఈ సగము పలకను మించును. అయిదవ వరుస ముగియునప్పటికి సుమారు 22,000 టన్నులు. మొత్తము పలకకు 36,893 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతయు కలిసి యేటికి పండించు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. కావున నాలుగు వందల అరువది యేండ్ల పంట కావలెను, నడుమ ఎవ్వరును భోజనము చేయకున్నచో. ఘనమీటరునకు 570 కిలోల చొప్పున రాశి పోసినచో, 2022వ సంవత్సరమున నేర్పడిన మన నంద్యాల జిల్లాపై, కొండలను అడవులను గూడ చదును చేసికొని, అరువది మీటర్లకు పైగా మందమున వడ్లు పరచుకొనును. శ్రీశైలపు జలాశయమును కట్టిననాటి లెక్క 308 టి.ఎం.సి. నిండుగా వడ్లతో నింపినను, అట్టి జలాశయములు డెబ్బదికి పైగా కావలెను.

గింజలను లెక్కించుట మరొక కష్టము. క్షణమునకు, అనగా గడియారపు సెకండునకు, ఒక్క గింజ చొప్పున రాత్రింబవళ్ళు లెక్కించినచో 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. బ్రహ్మదేవునికి ఒక పగలు 432 కోట్ల సంవత్సరములని పురాణముల లెక్క. కావున బ్రహ్మకు నూట ముప్పదియైదు పగళ్ళు. 1883వ సంవత్సరమున లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు మూడు కడ్డీలు, చిన్న పెద్ద బిళ్ళలు గల యొక ఆటవస్తువును వెడలించెను. దానికి తోడుగా, కాశీలో 64 బంగారు బిళ్ళలను అర్చకులు ఒక కడ్డీనుండి మరొక కడ్డీకి మార్చుచున్నారని కథ ప్రచారమైనది. అందుకు పట్టు కదలికలు కూడ మల్లన సంఖ్యయే. లెక్క నిజము, కాశీలో ఆ బిళ్ళలు మాత్రము లేవు. విదేశపు కథలు మన క్షేత్రములను వాడుకొనుట క్రొత్త కాదు.

ఈ సంఖ్యను ఏయే సంఖ్యలు నిశ్శేషముగా భాగించును? తుద అయిదు గనుక 5 భాగించును. అంకెల కూడిక 87 గనుక 3 భాగించును, 9 భాగింపదు. మిగిలినవానిని కనిపెట్టుటకు వర్గాంతరసూత్రము చాలును: రెండు వర్గముల భేదము, ఆ సంఖ్యల మొత్తమును భేదమును గుణించినదానికి సమానము. మన సంఖ్య ఒక వర్గముకంటె ఒకటి తక్కువ. ఒకటి కూడ వర్గమే. కావున అది 429,49,67,295ను 429,49,67,297తో గుణించినది. ముందుదానిని మరల అదే విధముగా విడదీసిన 65,535, 65,537. మరల విడదీసిన 255, 257. మరల 15, 17. మరల 3, 5. అనగా 3, 5, 17, 257, 65,537 అను నైదింటిని, 429,49,67,297ను గుణించినదే మల్లన సంఖ్య. మొదటి యైదును విభజింపరానివి. పదునేడవ శతాబ్దమున ఫెర్మా యను ఫ్రెంచి న్యాయాధికారి, తీరికవేళల గణితమునందు పేరుపొందినవాడు, ఆ యారవది కూడ విభజింపరానిదనియే తలచెను. అంతటివాడు చెప్పినందున లోకము నమ్మెను. 1732వ సంవత్సరమున ఆయిలరు అను గణితజ్ఞుడు దానిని 641 భాగించునని చూపెను. 641ని 67,00,417తో గుణించి చూడుడు. ఆయిలరు అంకెలను గ్రుడ్డిగా పరీక్షింపలేదు. భాజకమున్నచో అది 64 యొక్క గుణిజముకంటె ఒకటి యెక్కువగా నుండవలెనని ముందు తేల్చుకొనెను. 640 పదిమారులు 64. ఇచ్చట కూడ చదరంగపు గడుల సంఖ్యయే పలుకుట చూడుడు. ఇట్లు మన సంఖ్యకు విభజింపరాని భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417.

పెద్దలకు ఈ లెక్క నా గృహవ్యవహారమున కేల యని తోచవచ్చును. రెట్టింపు గ్రామములలో రెండు వేషములతో తిరుగుచున్నది. ఒకటి చక్రవడ్డి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన చిన్నదిగా వినబడును. ఏటేట వడ్డీని అసలులో కలుపుచు పోయినచో, సుమారు మూడేండ్ల మూడు నెలల కొకసారి అప్పు రెట్టింపగును. అది చదరంగమున ఒక గడి. పదివేల రూపాయల పత్రము 32 యేండ్లకు పది గడులు దాటి కోటి రూపాయల దరికి చేరును. మనుస్మృతియందు ఒక్కమారుగా పుచ్చుకొను వడ్డీ అసలునకు రెట్టింపు మొత్తమును దాటరాదని కలదు. మొదటి గడి దాటగానే కంచె వేసినారన్నమాట. మన కర్నూలు సీమ చెన్నపురి రాజధానిలో నున్న కాలమున, 1938వ సంవత్సరపు వ్యవసాయదారుల ఋణోపశమన చట్టము కూడ, రైతు అసలునకు రెండింతలు చెల్లించియున్నచో ఆ ఋణము తీరినట్లే యని శాసించెను. రెండు కంచెలును ఒకే గడియొద్ద!

రెండవ వేషము గొలుసుకట్టు పథకము. కొంత సొమ్ము కట్టి చేరుము, ఇద్దరిని చేర్పుము, వారు చెరి యిద్దరిని చేర్పవలెను, నీ క్రింద మూడు వరుసలు నిండగానే నీకు పెద్ద మొత్తము వచ్చును, అని ఒక వస్తువునో మందునో చేతిలో పెట్టి వత్తురు. 1978వ సంవత్సరపు కేంద్రచట్టము ఇట్టి ధనచక్ర పథకములను నిషేధించినది. అయినను పేరు మార్చుకొని వచ్చుచునే యున్నవి. నా పూర్వ శిష్యుడొకడు అట్టి కాగితమును తెచ్చి, మాస్టరుగారూ, ఇందులో తప్పెక్కడ నున్నదో చూపుడని యడిగినాడు. కాగితములో మోసపు మాట ఒక్కటియు లేదు. ఎవని మట్టుకు వానికి ఇద్దరే గదా కావలసినది! మోసము మాటలలో లేదు, గడులలో నున్నది. ఇరువది వరుసలు నిండినవనుకొందము. చేరినవారు 10,48,575 మంది. వారిలో చివరి మూడు వరుసలవారికి క్రింద మూడు వరుసలు నిండవు గనుక ఏమియు రాదు. వారెందరు? 9,17,504 మంది. సొమ్ము ముట్టినవారు 1,31,071 మంది మాత్రమే. ఎనిమిదిమందిలో ఏడుగురికి నష్టము. పథకమెప్పు డాగినను ఇదే పాలు. నడుపువాడు మంచివాడైనను చెడ్డవాడైనను ఇదే పాలు. ఇందాక జ్ఞాపకముంచుకొన గోరిన గుణము ఇదియే: చివరి గడి యొక్కటియే ముందరి గడులన్నింటికంటె ఒకటి యెక్కువ.

ముప్పదియొకటవ వరుస నిండుటకు భారతదేశపు జనము చాలదు. ముప్పదిమూడవ వరుసకు భూమిపై మనుష్యులు చాలరు. అరువదినాలుగు గడులవరకు పోవనక్కరలేదు. ఊరిలో ఎవడైన అట్టి కాగితముతో వచ్చినచో, నీవు చేరినది ఎన్నవ వరుసలో నని అడుగవచ్చును. పదునెనిమిదవ వరుస యని చెప్పినాడనుకొందము. ఆ వరుసలో వానితో సమానముగా నున్నవారు 1,31,072 మంది. అందరికిని మాట దక్కవలెననిన ఇరువదియొకటవ వరుస నిండవలెను. అప్పటికి చేరవలసినవారు మొత్తము 20,97,151 మంది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇప్పటి నంద్యాల జిల్లా పరిధిలోని వారు, చంకలోని బిడ్డలతో సహా, సుమారు 18 లక్షలు.